బడిలో వేధింపు – చెప్పుకొను బిడ్డకు ఇంటి అండ

(మన సంఘ సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



మన సమావేశములలో చర్చకు వచ్చు విషయములు మీరెఱిగినవే. తెలుగు ఉపాధ్యాయుల ఖాళీలు నింపలేదనియు, పాఠ్యపుస్తకములు సకాలమున అందలేదనియు, తెలుగు తరగతులు మూతపడుచున్నవనియు తీర్మానములు చేయుచుందుము. అవియన్నియు అవసరమే. కాని పుస్తకము వచ్చి, ఉపాధ్యాయుడు వచ్చి, తరగతి తెఱచిన పిమ్మట ఆ తరగతిలో కూర్చుండుటకే బిడ్డ భయపడుచున్నచో మన తీర్మానములవలన ఫలమేమి? అందుచేత నేడు నేను పాఠముల సంగతి విడిచి, పాఠమునకు పాఠమునకు నడుమ, బడి వరండాలో, నీళ్ళ కొళాయి వద్ద, బస్సులో, ఇప్పుడు చేతిలోని ఫోనులో మన పిల్లలకు జరుగుచున్న దానిని గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచితిని.

పిల్లలన్న పిదప జగడములు ఉండునని పెద్దలందురు. నిజమే. నేడు కొట్టుకొని రేపు కలిసి గోలీలాడుకొను పిల్లలను గూర్చి నేను మాటలాడుట లేదు. జగడము వేఱు, వేధింపు వేఱు. ఈ భేదమును శాస్త్రీయముగా పరిశీలించినవారిలో ప్రథముడు స్వీడనులో పుట్టి నార్వేలోని బెర్గెన్ నగరమున పనిచేసిన డాన్ ఒల్వేయస్ అను పండితుడు. వేధింపునకు ఆయన మూడు గుర్తులు చెప్పెను. ఒకటి, అది బాధపెట్టవలెనను ఉద్దేశముతో చేయునది. రెండు, అది మాటిమాటికి జరుగునది. మూడు, వేధించువానికిని వేధింపబడువానికిని నడుమ బలములో తేడా ఉండును. ఆ బలము కండబలమే కానక్కఱలేదు. ఒకవైపు పదిమంది, మఱొకవైపు ఒకడు ఉండుట ఒక బలము. డబ్బు ఒక బలము. కులము ఒక బలము. ఆ యూరి భాషను తడబడక మాటలాడగలుగుట కూడ ఒక బలమే.

1982వ సంవత్సరాంతమున ఉత్తర నార్వేలో ముగ్గురు బాలురు తోటివారి వేధింపులకు తాళలేక ప్రాణములు తీసికొనిరి. దేశమంతయు కలవరపడెను. మరుసటి యేడు, 1983లో, ఆ ప్రభుత్వము దేశమందలి పాఠశాలలన్నిటిలో వేధింపును అరికట్టుటకు ఉద్యమము నడపెను. బెర్గెన్‌లో 42 పాఠశాలలందు సుమారు 2500 మంది పిల్లలను ఒల్వేయస్ పరిశీలింపగా, రెండేండ్లలో వేధింపులు ఇంచుమించు సగమునకు తగ్గెను. వారు చేసిన పనిలో మంత్రమేమియు లేదు. ఆట విడుపు వేళల పెద్దలు కనిపెట్టి యుండిరి. తరగతిలో స్పష్టమైన నియమములు పెట్టిరి. తప్పు చేసిన పిల్లలతోను వారి తల్లిదండ్రులతోను విడివిడిగా మాటలాడిరి. దీనివలన మనము గ్రహింపవలసినది ఒక్కటే. పెద్దలు పూనుకొన్నచో ఇది తగ్గును. "పిల్లల సంగతి, వారే చూచుకొందురు" అని ఊరకున్నచో తగ్గదు.

ఇక మన పిల్లల సంగతికి వచ్చెదను. నాయకరాజుల కాలమునుండి తమిళదేశమున ఉన్నవారు మనలో కలరు. షోలాపురమున తరతరములుగా మగ్గము నేయుచున్న కుటుంబములు కలవు. 1936లో ఒడిషా ఏర్పడెను. 1953లో ఆంధ్రరాష్ట్రము వెలసినపుడు బళ్ళారి మైసూరులో చేరెను. 1956లో రాష్ట్రములు తిరిగి విభజింపబడెను. ఎల్లలు కదలినవి కాని మనము కదలలేదు. అయినను మన బిడ్డ బడిలో నోరు తెఱచినపుడు "నీ వూరికి పో" అనెడి మాట వినవలసి వచ్చుచున్నది. తమిళనాట మనవారిని గేలిచేయుటకు వాడు "గొల్టి" అను మాట ఇచ్చటి వారందఱు ఎఱిగినదే. ఇంటిపేరును వంకరగా పలుకుట, యాసను అనుకరించి నవ్వుట, తల్లి బడి వాకిట తెలుగున పిలిచినందులకు ఆ పిలుపునే మారుపేరుగా కట్టుట, ఇవి చిన్న సంగతులని తోచవచ్చును. పెద్దవాడు తుడిచి పారవేయును. ఎనిమిదేండ్ల బిడ్డ తుడిచి పారవేయలేడు. వాడు తల్లిని బడి దగ్గఱకు రావలదనును. పదిమందిలో తెలుగు మాటలాడుట మానును. ఇంట తెలుగు అడుగంటినదని మనము విచారించుచున్నాము గాని, అది మొదట ఎచ్చట గాయపడినదో విచారించుట లేదు.

ఇందు మఱొక పక్క కూడ కలదు. మన పిల్లలు పైచదువులకు ఆంధ్రదేశమునకో తెలంగాణమునకో పోయినపుడు, అచ్చటి వసతిగృహములలో "అరవ తెలుగు" అని నవ్వుదురు. ఇచ్చట తెలుగువాడని, అచ్చట తెలుగు రానివాడని రెండు చోట్ల మాటపడు బిడ్డకు ఇల్లొక్కటే ఊపిరి పీల్చుకొను చోటు. ఆ యింట కూడ "నీకు ధైర్యము లేదు" అనిపించుకొన్నచో వాడెచ్చటికి పోవును?

అట్లని ఇదంతయు భాషవలననే అని నేననను. యానాములో తెలుగువారే అధికులు. అచ్చటి బడులలో భాష పేర గేలి చేయుటకు చోటు లేదు. అయినను నల్లనివాడని, లావైనదని, నత్తివాడని, బీదవాడని, ఫలానా కులమని ఏడిపించుట అచ్చటను ఉండకపోదు. కావున దీనిని పొరుగు భాషవారిమీద నేరముగా మోపుట న్యాయము కాదు, నిజమును కాదు.

సోదరులారా, ఒక చేదు మాట చెప్పుటకు అనుమతింపుడు. చెన్నపట్టణము, బెంగుళూరు వంటి నగరములను ఊడ్చి శుభ్రపఱచు పారిశుధ్య కార్మికులలో వేలకొలది మంది ఇంట తెలుగు మాటలాడువారు. వారును మనవలెనే తరతరములుగా ఈ నేలనున్నవారు. వారి పిల్లలు మన పిల్లల తరగతులలోనే కూర్చుందురు. వారి తండ్రి పనిని, వారి కులమును ఎత్తి దెప్పువారిలో మన యిండ్ల బిడ్డలు లేరని గుండెమీద చేయి వైచుకొని ఎందఱు చెప్పగలరు? మన బిడ్డను "గొల్టి" అన్న బాలుడు ఎట్టి తప్పు చేసెనో, పారిశుధ్య కార్మికుని బిడ్డను కులము పేర హేళన చేసిన మన బిడ్డ అంతకంటె పెద్ద తప్పు చేసినట్లు. ఈ సంఘము తెలుగువారందఱిదని చెప్పుకొన్న పిదప, ఆ బిడ్డ పక్షమున కూడ మనము నిలువవలయును.

బిడ్డ వేధింపబడుచున్నాడని తెలిసికొనుట యెట్లు? పిల్లలు తామై చెప్పుట అరుదు. కాని గుర్తులు కనబడును. సోమవారము ఉదయముననే కడుపునొప్పి వచ్చును, సెలవునాడు రాదు. డబ్బాలోని అన్నము తిరిగి వచ్చును, లేదా ఇంటికి వచ్చి ఆవురావురుమని తినును. పెన్నులు, డబ్బులు తఱచు "పోవును". పుస్తకములు చినుగును. దగ్గఱి దారి విడిచి చుట్టుదారిని పోవును. ఫోను మ్రోగినపుడు ఉలిక్కిపడును. బాగుగా చదువు బిడ్డ చదువులో వెనుకబడును. వీనిలో ఒకటి కనబడినంతనే వేధింపని తీర్మానింపరాదు. కాని అడుగకుండ విడువరాదు.

చెప్పకుండుటకు వారికి కారణములున్నవి. "నీవేమి చేసితివో మొదట చెప్పు" అని తండ్రి తమనే గద్దించునని ఒక భయము. తండ్రి ఆవేశపడి బడికి వచ్చి అందఱియెదుట కేకలు వేయునని రెండవ భయము. చెప్పినట్లు తెలిసినచో వేధించువారు పగబట్టుదురని మూడవ భయము. మనవంటి కుటుంబములలో నాలుగవది కూడ కలదు. "మనము ఇచ్చట కొద్దిమందిమి, సర్దుకొని పోవలెను" అని పెద్దలనుచుండగా బిడ్డ వినియుండును. వ్యాపారము చేసికొనువారమగుటచే నలుగురితో మంచిగా ఉండుట మనకు అలవాటు. ఆ అలవాటు మంచిదే. కాని మన నెమ్మది బిడ్డకు నోటితాళము కారాదు.

మూడవ భయము వట్టి భయము కాదు. 2023 ఆగస్టులో తిరునెల్వేలి జిల్లా నాంగునేరిలో జరిగినదానిని మీరు పత్రికలలో చదివియుందురు. షెడ్యూల్డు కులమునకు చెందిన ఒక విద్యార్థి, సహవిద్యార్థుల వేధింపులకు తాళలేక బడి మానెను. ఉపాధ్యాయులు కారణమడుగగా చెప్పెను. చెప్పిన పిమ్మట ఆ విద్యార్థులు రాత్రివేళ అతని యింట ప్రవేశించి కొడవళ్ళతో నరికిరి. అడ్డుపడిన చెల్లెలు కూడ గాయపడెను. ఆ బాలుడు బ్రతికి, మరుసటి యేట పన్నెండవ తరగతి పరీక్షలో ఉత్తీర్ణుడయ్యెను. తమిళనాడు ప్రభుత్వము విశ్రాంత న్యాయమూర్తి కె. చంద్రుగారితో ఏకసభ్య సంఘమును నియమింపగా, 2024 జూనులో వారు నివేదిక నిచ్చిరి. కులమును తెలుపు రంగుదారములను మణికట్టునకు కట్టుకొని బడికి వచ్చుటను నిషేధింపవలయునని అందు సిఫారసు చేసిరి. ఈ దారుణమును చూచి "అందుచేతనే చెప్పరాదు" అనువారుందురు. నేను గ్రహించిన పాఠము వేఱు. బిడ్డ చెప్పుటతో మన పని ముగియదు, అప్పుడే మొదలగును. చెప్పిన నాటినుండి ఆ బిడ్డను కాపాడు బాధ్యత విన్నవారిది.

కావున వినుటయందు మొదట జాగ్రత్త వహింపవలయును. బిడ్డ చెప్పునపుడు అడ్డు రాకుడు. "తిరిగి కొట్టలేకపోతివా" అనకుడు. "చెప్పి మంచిపని చేసితివి, తప్పు నీది కాదు" అనుడు. "ఎవరికిని చెప్పను" అని ప్రమాణము చేయకుడు. ఎవరికి, ఎప్పుడు చెప్పెదరో బిడ్డకు ముందే తెలుపుడు. తనకు తెలియకుండ తండ్రి ఏమి చేయునో అను భయము అప్పుడు తగ్గును.

రెండవది, వ్రాసి పెట్టుట. మన దుకాణములలో చిట్టా లేకుండ ఒక్క దినము గడవదు. నోటిమాటమీద బాకీ వసూలు కాదని మనకు తెలియును. పిర్యాదు కూడ అట్లే. ఒక నోటుపుస్తకమున తేది, వేళ, చోటు, ఎవరు, ఏమనిరి లేక ఏమి చేసిరి, చూచినవారెవరు, ఎవరికి తెలిపితిమి, వారేమనిరి అను వివరములను జరిగిననాడే వ్రాయుడు. చినిగిన చొక్కాను పారవేయకుడు. ఫోనులో వచ్చిన దుర్భాషలను చూచి కోపముతో తుడిచివేయకుడు. వాని స్క్రీన్‌షాటు తీసి ఉంచుడు. గాయమున్నచో వైద్యుని చీటి తీసికొనుడు. "మావాణ్ణి ఎప్పుడును ఏడిపించుచున్నారు" అన్నచో ప్రధానోపాధ్యాయుడు తలయూపి పంపివేయును. ఆఱు తేదీలతో ఆఱు సంగతులు ముందు పెట్టినచో త్రోసివేయుట కష్టము.

మూడవది, చెప్పవలసిన చోట చెప్పుట. మొదట తరగతి ఉపాధ్యాయునకు, పిమ్మట ప్రధానోపాధ్యాయునకు. నోటితో చెప్పినను వెంటనే అర్జీ వ్రాసి ఇచ్చి, రెండవ ప్రతిమీద చేవ్రాలు, తేది, ముద్ర తీసికొనుడు. అర్జీలో శిక్షను మాత్రమే కోరకుడు, రక్షణను కోరుడు. బిడ్డ కూర్చుండు చోటు మార్చుట, మధ్యాహ్న భోజన వేళ, మరుగుదొడ్ల వద్ద, బస్సులో ఒక పెద్ద కనిపెట్టియుండుట, వారము దినములకును నెలకును తిరిగి విచారించుట అడుగుడు. ఇద్దఱు పిల్లలను ఎదురెదురుగా నిలిపి చేతులు కలిపింపజూచుట జగడమునకు పనికివచ్చును గాని వేధింపునకు పనికిరాదు. బలవంతుని యెదుట బలహీనుడు నిజము చెప్పలేడు. వారిని విడివిడిగా విచారింపుడని కోరుడు.

అచ్చట పని కానిచో పై దారులు కలవు. 2010 ఏప్రిలు 1వ తేదినుండి అమలులోనున్న విద్యాహక్కు చట్టము, 17వ సెక్షనులో, పిల్లలను కొట్టుటను, మానసికముగా వేధించుటను నిషేధించినది. ఉపాధ్యాయుడే బిడ్డ యాసను తరగతిలో గేలి చేసినచో అది చమత్కారము కాదు, ఈ నిషేధమునకు లోబడునది. ఆ చట్టము ప్రకారము ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలల నిర్వహణ సంఘములలో నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులే ఉండవలయును. మనవారు ఆ సంఘములలో చేరక, తరువాత వాపోవుట మంచిది కాదు. 32వ సెక్షను క్రింద, ఆ చట్టమిచ్చిన బాలల హక్కులను గూర్చిన పిర్యాదును స్థానికాధికారికి వ్రాసి ఇయ్యవచ్చును. మూడు నెలలలో తేల్చవలయును. తృప్తి లేనిచో రాష్ట్ర బాలల హక్కుల రక్షణ సంఘమునకు పోవచ్చును. సి.బి.ఎస్.ఇ. వారు 2015లోనే తమ పాఠశాలలకు వేధింపు నివారణ సంఘములు పెట్టవలయునని ఉత్తరువు పంపిరి. మీ పిల్లలు ఆ బడులలో చదువుచున్నచో ఆ సంఘమున ఎవరెవరున్నారో అడుగుడు.

1098 అను నంబరునకు బిడ్డ తానై రాత్రింబవళ్ళు ఎప్పుడైనను ఖర్చు లేకుండ ఫోను చేయవచ్చును. 1996లో ముంబయిలో ఆరంభమైన ఆ సేవ నేడు దేశమంతట కలదు. దిగులు పెరిగి బిడ్డ ప్రాణముమీద విరక్తి మాటలాడినచో ఒక్క గంటయు ఆలస్యము చేయక వైద్యుని చూపుడు. 2022లో ఆరంభమైన 14416 అను మానసికారోగ్య సేవలో తెలుగున కూడ మాటలాడుదురు. లైంగికమైన చేష్ట ఏదైనను జరిగినచో, అది బడిలోపల సర్దుబాటు చేయు విషయము కానేకాదు. 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము తెలిసిన ప్రతివారు పోలీసులకు తెలుపవలయును. తెలిసియు దాచినవారు శిక్షకు పాత్రులు. కులపెద్దలు గాని, మన సంఘము గాని అట్టి విషయమున రాజీ చేయరాదు.

"మాకు ఈ రాష్ట్రభాష వ్రాయుట రాదు" అని వెనుదీయు తల్లులు కలరు. రాజ్యాంగము 350వ అధికరణము ప్రకారము, తన బాధను గూర్చి ఏ యధికారికైనను రాష్ట్రమునందు వాడుకలోనున్న ఏ భాషలోనైనను అర్జీ పెట్టుకొను హక్కు ప్రతివారికి కలదు. అర్జీ తెలుగున నున్నదను కారణమున వెనుకకు త్రోయరాదు. అయినను పని త్వరగా సాగుటకు రాష్ట్రభాషలో ప్రతిని జతచేయుట తెలివి. ఆ ప్రతి వ్రాసి పెట్టుట సంఘము పని.

ఇక మన బిడ్డయే వేధించువాడని కబురు వచ్చినచో? "మావాడు అట్టివాడు కాడు" అను మాట మొదట నోటికి వచ్చును. ఆ మాటను మ్రింగి, వినుడు. చావగొట్టకుడు, కొట్టుట చూచియే వాడు కొట్టుట నేర్చియుండవచ్చును. చేసిన పనికి పేరు పెట్టి తప్పని చెప్పుడు. లాగికొన్నది తిరిగి ఇప్పింపుడు. మనము భోజనములవేళ పొరుగువారి కులమును, పనిని, రూపును గూర్చి ఏమి మాటలాడుదుమో కూడ ఒకసారి తలచుకొనుడు. పిల్లలు ఆ మాటలనే బడికి మోసికొని పోవుదురు.

అన్నిటికంటె పెద్ద బలము చూచుచున్న పిల్లలది. ఫిన్లాండులో 2006 నుండి టుర్కు విశ్వవిద్యాలయమువారు రూపొందించిన "కివా" అను పద్ధతికి ఇదే పునాది. వేధించువాడు నలుగురి నవ్వుకొఱకు వేధించును. ఆ నలుగురు నవ్వకున్నచో వాని ఉత్సాహము చల్లబడును. మన పిల్లలకు వీరత్వము నేర్పనక్కఱలేదు. నవ్వకుండుట, వాట్సాప్‌లో వచ్చిన హేళనను ముందుకు పంపకుండుట, ఒంటరిగానున్న బిడ్డ ప్రక్కన కూర్చుండి అన్నము తినుట, పెద్దలకు చెప్పుట, ఈ నాలుగు చాలును. పెద్దలకు చెప్పుట చాడీ కాదని ఇంటింట చెప్పుడు. ఒకనిని శిక్షింపజేయుటకు చెప్పినది చాడీ. ఒకనిని కాపాడుటకు చెప్పినది సాయము.

చివరకు సంఘమునకు నా ప్రతిపాదనలు. ప్రతి యూరి శాఖలోను ఇద్దఱిని, వారిలో ఒకరు స్త్రీ అగునట్లు, ఈ పనికి నియమింపవలయును. అర్జీ వ్రాసి ఇచ్చుట, తల్లిదండ్రులతో కూడ బడికి పోవుట, నెల తిరిగిన పిదప మరల విచారించుట వారి విధి. ఏ కులపు తెలుగు బిడ్డయైనను, తెలుగు రాని పొరుగు బిడ్డయైనను సాయము కోరినచో లేదనరాదు. మన పత్రికలో గాని, వాట్సాప్ బృందములలో గాని బిడ్డ పేరు, ఫొటో, బడి పేరు వేయరాదు. వేధించిన బిడ్డ పేరును వేయరాదు. ఒక బిడ్డ బాధను భాషా తగాదాగా మార్చి ఊరేగింపు తీయరాదు. దానివలన మరునాడు తరగతిలో ఒంటరిగా కూర్చుండవలసినది ఆ బిడ్డయే. బడి పెద్దలను శత్రువులుగా చూడక సహాయము కోరవలయును. వారు కదలనిచో చట్టము చూపిన దారిని పోవలయును.

అంతవఱకు మీరు ఇంట చేయదగిన పని ఒకటి కలదు. ఈ రాత్రి బిడ్డను "ఎన్ని మార్కులు వచ్చినవి" అని అడుగుటకు ముందు, "నేడు మధ్యాహ్నము ఎవరితో కూర్చుండి అన్నము తింటివి" అని అడుగుడు. జవాబు తడబడినచో తొందరపెట్టక, ప్రక్కన కూర్చుండుడు.